సెప్టెంబరు 17కు పరీక్షలో ఏ పేరు రాయాలి? – జాన్ స్టూవర్ట్ మిల్ దృష్టిలో స్వేచ్ఛ, చదువు, మతం, రాజ్యం

మూసీగట్టు (నకిరేకల్)

సభ్యులందరికీ నమస్కారం. నేను ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెబుతాను. మొన్న తొమ్మిదో తరగతి అమ్మాయి నోటుబుక్కు పట్టుకొని స్టాఫ్ రూముకు వచ్చి, "సార్, సెప్టెంబరు 17కు పరీక్షల ఏ పేరు రాయాలె? విమోచనమా, విలీనమా, సమైక్యతనా?" అని అడిగింది. మార్కు పోతుందేమో అన్న భయం తప్ప ఆ పిల్ల మనసులో మరేమీ లేదు. 1948లో ఆ రోజునే, పోలీస్ యాక్షన్ పేరుతో వచ్చిన భారత సైన్యానికి నిజాం లొంగి, హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసింది. ఆ రోజును ఏమనాలన్న దగ్గరే తగవు. నేను మాత్రం వెంటనే జవాబు చెప్పలేకపోయాను. 2022లో ఆ రోజున హైదరాబాదులో కేంద్ర ప్రభుత్వం విమోచన దినమని ఒక సభ జరిపితే, రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినమని మరో సభ జరిపింది. 2024లో రాష్ట్రంలోని కొత్త ప్రభుత్వం అదే రోజును ప్రజాపాలన దినోత్సవం అన్నది. ఒకే జెండా కర్ర కింద నిలబడి, ఒకే తేదీకి, రెండేండ్ల తేడాతో నేనే రెండు పేర్లు పలికాను.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి, ఇంగ్లండు తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ స్వేచ్ఛ గురించి రాసి 1859లో ప్రచురించిన 'ఆన్ లిబర్టీ' పుస్తకం మళ్ళీ తెరిచాను. చివరి అధ్యాయంలో చదువు గురించి ఆయన చెప్పింది ఇంతకు ముందు రెండుసార్లు చదివినా, ఈసారి నా తరగతి గది గురించే రాసినట్టు తోచింది. పుట్టిన ప్రతి బిడ్డకూ చదువు చెప్పించి తీరాలని రాజ్యం పట్టుబట్టాలి, అది రాజ్యం చేయవలసిన పని. అయితే ఆ చదువంతటినీ రాజ్యమే తన చేతులలోకి తీసుకోకూడదు, ఎందుకంటే అందరికీ ఒకే సర్కారు బడి అయితే అది మనుషులనందరినీ ఒకే అచ్చులో పోసే యంత్రమవుతుంది, ఆ అచ్చు ఎవరు అధికారంలో ఉంటే వారికి నచ్చినట్టు తయారవుతుంది అంటాడు. సర్కారు బడులు ఉంటే ఉండవచ్చు, కాని అవి పోటీపడే అనేక ప్రయోగాలలో ఒకటిగా ఉండాలి.

మరి పిల్లలు నేర్చుకున్నారో లేదో తెలిసేదెట్లా? దానికి పరీక్ష పెట్టమంటాడు. ఆ పరీక్ష ఎట్లా ఉండాలన్న దగ్గరే నేను ఆగిపోయాను. మతం, రాజకీయం వంటి వివాదాంశాలలో ఏ అభిప్రాయం నిజమని అడగరాదు. ఫలానా అభిప్రాయం ఫలానా ఆధారాలతో ఫలానా వారు నమ్ముతున్నారు అన్న విషయం పిల్లవాడికి తెలుసా లేదా అన్నంత వరకే అడగాలి. నాస్తికుడైనా క్రైస్తవానికి చెప్పే రుజువులేమిటో తెలుసుకొని పరీక్ష రాయవచ్చు, వాటిని నమ్ముతున్నానని ఒప్పుకోవలసిన పని లేకుండా ఉంటే చాలు. ఈ పద్ధతి మన బడులలో సాగుతుందా అన్నదే నా ప్రశ్న. మీరందరూ నిదానంగా ఆలోచించి రాయండి.

పాలమూరు బాట (మక్తల్)

మూసీగట్టు గారూ, ప్రశ్న మంచిది. కాని మిల్ చెప్పిన మొదటి సగమే నాకు మింగుడు పడటం లేదు. సర్కారు బడిని చూసి భయపడటానికి ముందు, ఇంట్లో నాలుగు పుస్తకాలైనా ఉండాలి.

మా నాయన, కూలీలకు అడ్వాన్సు ఇచ్చి దూరపు పనులకు తీసుకుపోయే గుంపు మేస్త్రీ కింద పుణె, బొంబాయి పనులకు వెళ్ళినవాడు. దసరా దాటినంక మా ఊరిలో సగం ఇండ్లకు తాళాలు పడేవి. పిల్లలను వెంట తీసుకుపోయిన వాళ్ళ పిల్లలు అక్కడే ఇసుక జల్లెడ పట్టేవారు. నన్ను మా అవ్వ దగ్గర వదిలి, ఆరో తరగతిలో సర్కారు హాస్టలులో వేశారు. సంక్రాంతి సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు దూలం మీద ప్లాస్టిక్ కవరులో చుట్టి పెట్టిన అడ్వాన్సు కాగితం తీసి చదివాను. కింద మా నాయన వేలిముద్ర, నీలం సిరా అంచులకు పాకి ఉంది. మా నాయనకు ముట్టింది ఎనిమిది వందలు, కాగితం మీద ఉన్నది పదిహేను వందలు. మూడుసార్లు చదివి, అక్షరాలలో రాసినదానినీ అంకెలనూ కలిపి చూసుకొని, అప్పుడు అవ్వకు చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. "గీ ముచ్చట ఇన్నేండ్ల సంది ఎవ్వడు చెప్పలే బిడ్డా" అన్నది.

ఆ కాగితం చదివే శక్తి నాకు సర్కారు హాస్టలు ఇచ్చింది. నా స్వేచ్ఛ అక్కడ మొదలయింది. పైగా బిడ్డను చదివించని తండ్రికి జుర్మానా వేయాలని, కట్టలేకపోతే పని చేయించి రాబట్టాలని మిల్ రాశాడు కదా. మా నాయన మీద జుర్మానా వేసి ఉంటే, అది మేస్త్రీ దగ్గర మరో అప్పుగా చేరేది. లండనులో కూర్చొని రాసిన మాటకు, మా ఊరి తాళాలకు మధ్య చాలా దూరం ఉంది.

మూసీగట్టు (నకిరేకల్)

మీరు రాసింది చదివి కొంతసేపు ఏమీ రాయలేకపోయాను. మీ ఆక్షేపణలో సగం నిజంగా మిల్‌కు తగులుతుంది, జుర్మానా సంగతి అటువంటిదే. కాని రెండు విషయాలు కలిపి చూడాలి. పేద పిల్లల ఫీజులో రాజ్యం సాయపడాలని, కట్టేవారెవ్వరూ లేని పిల్లల ఖర్చు మొత్తం రాజ్యమే భరించాలని కూడా ఆయన అక్కడే చెప్పాడు. జుర్మానా కూడా తగిన కారణం చూపలేని తండ్రికే అన్నాడు. అంతేగాక, బడులు పెట్టే శక్తి గాని పూనిక గాని లేనంత వెనుకబడిన సమాజమైతే ప్రభుత్వమే ఆ పని చేయాలని ఒప్పుకున్నాడు. రెండు పెద్ద కీడులలో అది చిన్నది అంటాడు. మీ హాస్టలును ఆయన వద్దనేవాడు కాడు. హాస్టలు నడిపినందుకు మీరు ఏమి నమ్మాలో కూడా చెప్పే హక్కు సర్కారుకు వచ్చిందా అన్నదే ఆయన అడిగేది.

కందిలి (భువనగిరి)

నేను డెబ్బై దాటినవాడిని. మీ ఇద్దరి మాటల నడుమ మా నాయన చదువు గురించి చెప్పాలనిపించింది.

నిజాం జమానాలో తహతానియా (ప్రాథమిక), వస్తానియా (మాధ్యమిక), ఫోఖానియా (ఉన్నత) అని బడుల మెట్లు ఉండేవి. పై తరగతుల చదువంతా ఉర్దూలోనే సాగేది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఇంగ్లీషును కాదని ఒక దేశభాషలో ఉన్నత విద్య చెప్పటం గొప్ప పనే. దానిని తక్కువ చేసి మాట్లాడేవారితో నేను ఏకీభవించను. కాని ఆ దేశభాష జనంలో ఎక్కువమంది ఇంట్లో మాట్లాడే భాష కాదు. మా నాయన వస్తానియా దాకా చదివి, లెక్కలు చివరిదాకా ఉర్దూలోనే చేసుకునేవాడు. తెలుగు అక్షరాలు మాత్రం ఊరిలో ఒక అయ్యవారి అరుగు మీద, రాత్రి కందిలి పెట్టుకొని నేర్చుకున్నాడు. అట్లాంటి ఖాన్గీ (ప్రైవేటు) బడికి కూడా సర్కారు ఇజాజత్ (అనుమతి) కావాలన్న నిబంధన వచ్చింది. సభ పెట్టుకోవాలంటే గస్తీ నిషాన్ 53 అనే సర్కారు ఉత్తర్వు కింద ముందుగా అనుమతి తెచ్చుకోవాలి. చదువు, భాష, సభ, పత్రిక అన్నింటి తాళపు చెవులూ ఒక్క చేతిలో ఉంటే ఎట్లా ఉంటుందో మిల్ ఊహించి రాసినది మా పెద్దలు అనుభవించారు.

దానికి ఎదురు నిలిచిన పని కూడా జనమే సొంతంగా చేసుకున్నారు. 1922లో మన నల్లగొండ నుంచే 'నీలగిరి' పత్రిక వచ్చింది, దాని సంపాదకులు షబ్నవీసు వెంకటరామనరసింహారావు గారు. 1926లో పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారు 'గోలకొండ' పత్రిక మొదలుపెట్టారు. ఇక్కడ కవులే లేరన్న నిందకు జవాబుగా 1934లో ఆయన 354 మంది కవులతో సంచిక తెచ్చినప్పుడు, ఆ కవులలో చాలామంది ఇటువంటి అరుగుల మీద చదువుకున్నవారే అయి ఉంటారని నేను అనుకుంటాను.

పాలమూరు బాట తమ్ముడూ, సర్కారు నీకు అక్షరం ఇచ్చిందన్నది నిజం. అదే సర్కారు కుర్చీలో వేరొకరు కూర్చున్నప్పుడు మా నాయనకు తన అక్షరం దొరకలేదు. రెండూ ఈ గడ్డ మీదనే జరిగాయి.

దేవరకొండ ఖిల్లా (దేవరకొండ)

నేను ఇరవై ఏండ్లుగా ఒక చిన్న ప్రైవేటు బడి నడుపుతున్నాను. మిల్ పోటీపడే ప్రయోగాలు అన్నాడు కాబట్టి మా వైపు సంగతి కూడా చెప్పాలి. మేము ఏమి ప్రయోగాలు చేస్తున్నాం? గుర్తింపు కోసం ఒకే రకం నిబంధనలు, పదో తరగతికి ఒకే బోర్డు పరీక్ష. అది సర్కారు పెట్టిన అచ్చు. తల్లిదండ్రులు పెట్టిన అచ్చు ఇంకొకటి ఉంది. ఒకసారి సాయంత్రం చివరి పీరియడులో పిల్లలతో చేను గట్ల మీద తిరిగి చెట్ల పేర్లు రాయించే పని మొదలుపెట్టాను. రెండు నెలలకు కొందరు తండ్రులు వచ్చి, "ఆ టైముల ఐఐటీ ఫౌండేషన్ చెప్పుండ్రి సార్, పక్క బడిల చెప్తున్నరు" అన్నారు. చెప్పకపోతే పిల్లలు పక్క బడికి పోతారు. ఆ పీరియడు తీసివేశాను. ఈ మాట రాయడానికి నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

కృష్ణాతీరం (గద్వాల)

దేవరకొండ ఖిల్లా గారూ, మీరు చెప్పింది మిల్ భయాలలో పెద్దదే. మనిషి స్వేచ్ఛకు ప్రభుత్వం కంటే సంఘం పెట్టే ఒత్తిడి ఎక్కువ ప్రమాదం కావచ్చునని ఆయన పుస్తకం మొదట్లోనే అంటాడు. పోలీసు పట్టుకోడు, చట్టం శిక్షించదు, అయినా నలుగురూ చేసేది చేయకపోతే బతకనివ్వరు. బడిని సర్కారు చేతిలో నుంచి తీసి బజారు చేతిలో పెట్టినంత మాత్రాన అచ్చు పోదు.

మరోవైపు సర్కారే నడిపినా అచ్చులో పడని బడికి ఉదాహరణ మీ జిల్లాలోనే పుట్టింది. పి.వి. నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, 1971లో, అప్పటి నల్లగొండ జిల్లా సర్వేలులో మొదటి గురుకుల పాఠశాల వచ్చింది. ఊళ్ళ నుంచి ప్రతిభ ఉన్న పిల్లలను పరీక్ష పెట్టి తీసుకొని, అక్కడే ఉంచి, టీచర్లు వాళ్ళతోనే కలిసి బతికే పద్ధతి అప్పటి సాధారణ సర్కారు బడికి భిన్నమైనది. రాజ్యం తన బడిని అనేక ప్రయోగాలలో ఒకటిగా నడపాలన్న మాటకు అది దగ్గరగా వస్తుంది.

నేను జూనియర్ కాలేజీలో పౌరశాస్త్రం చెబుతాను కాబట్టి మతం సంగతి కొంత వివరంగా రాస్తాను. మిల్ ఈ పుస్తకం రాసేనాటికి ఇంగ్లండులో మతం పేరుతో జైలు శిక్షలు ఇంకా పడుతూనే ఉన్నాయి. 1857లో కార్న్‌వాల్‌లో థామస్ పూలీ అనే పేదవాడు ఒక గేటు మీద క్రైస్తవానికి వ్యతిరేకంగా ఏవో మాటలు రాసినందుకు 21 నెలల జైలు శిక్ష పడింది. అదే ఏడాది లండనులో ఇద్దరు తమకు మతవిశ్వాసం లేదని నిజాయితీగా చెప్పినందుకు జ్యూరీలో కూర్చోనివ్వలేదు. మరొకతను దొంగ మీద ఫిర్యాదు చేయబోతే, దేవుడి మీద ప్రమాణం చేయడని ఫిర్యాదే తీసుకోలేదు. అబద్ధమాడి ప్రమాణం చేసే నాస్తికుడి సాక్ష్యం చెల్లుతుంది, నిజం చెప్పినవాడిది చెల్లదు. ఇది నిజాయితీకే శిక్ష కదా అని మిల్ వాదన. తండ్రి తనను ఏ మతవిశ్వాసమూ లేకుండా పెంచాడని, కాబట్టి తాను మతాన్ని వదిలినవాడిని కానని, తనకు అది ఎన్నడూ లేదని ఆయన ఆత్మకథలో రాసుకున్నాడు.

మన దేశం ప్రస్తావన కూడా ఆ పుస్తకంలో ఉంది. 1857 తిరుగుబాటు తరువాత, బైబిలు బోధించని బడికి ఇండియాలో ప్రభుత్వ సొమ్ము ఇవ్వరాదని ఇంగ్లండులో కొందరు మతనాయకులు పట్టుబట్టినప్పుడు, ఆయన దానిని మతహింసగానే ఎంచి ఖండించాడు. మన రాజ్యాంగం 28వ అధికరణం, పూర్తిగా ప్రభుత్వ ధనంతో నడిచే బడిలో మతబోధ ఉండరాదంటుంది. ప్రభుత్వ గుర్తింపు లేదా సాయం పొందే బడిలో తల్లిదండ్రుల సమ్మతి లేకుండా ఏ పిల్లనూ మతబోధలో గాని, ప్రార్థనలో గాని కూర్చోబెట్టరాదంటుంది. కాగితం మీద ఇంత స్పష్టంగా ఉంది. నా చిన్నప్పుడు బడిలో ప్రార్థన శ్లోకంతో మొదలయ్యేది. నా పక్క వరుసలో నిలబడే ముస్లిం నేస్తం చేతులు జోడించి, కండ్లు మూసుకొని, పెదవులు గట్టిగా బిగబట్టుకునేది. టీచరు ఆమెను ఒక్కమాట అనలేదు, మేమూ అనలేదు. శ్లోకం అయిపోయి 'జనగణమన' రాగానే అందరికంటె గట్టిగా పాడేది. ఆ తేడా నాకు అప్పుడు వినబడింది గాని, దాని అర్థం నేను డిగ్రీలో మిల్ చదివేదాకా తెలియలేదు.

మిల్లు గుమాస్తా (మిర్యాలగూడ)

నేను చదువు గురించి ఎక్కువ చెప్పలేను. కాని ఈ పుస్తకంలో ఒక ఉదాహరణ మా ఊరి వారందరూ చదవాలి. ధాన్యం వ్యాపారులు పేదల కడుపు కొడుతున్నారని పత్రికలో రాస్తే ఎవ్వరూ అడ్డుకోరాదు. అదే మాటను వ్యాపారి ఇంటి ముందు మండిపడుతున్న గుంపుకు చెబితే శిక్ష వేయవచ్చు అంటాడు మిల్. యాసంగిలో రైసు మిల్లుల ముందు ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి నిలిచి, తేమ ఎక్కువుందని ధర కోసినప్పుడు, రాత్రంతా వడ్ల బస్తాల మీద పడుకున్న రైతు ముఖం నేను చూశాను. రైతు తన మాట పేపరులో, సభలో, కలెక్టరు ముందు చెప్పగలగాలి. గేటు దగ్గర ఎవరైనా రాయి అందిస్తే అది వేరే సంగతి. మాట ఒకటే అయినా చోటును బట్టి దాని పని మారుతుందన్న ఈ ఒక్క తేడా తెలిసి ఉంటే, మా దగ్గర రెండు కేసులు పడకుండా ఉండేవి.

ఎర్రమట్టి (వనపర్తి)

ఇంతసేపు మిల్‌ను అందరూ గౌరవంగానే మాట్లాడారు. ఆయన ఉద్యోగం సంగతి ఎవ్వరూ ఎత్తలేదు. 1823 నుంచి 1858 దాకా, 35 ఏండ్లు, ఆయన లండనులోని ఈస్టిండియా కంపెనీ కార్యాలయంలో పనిచేశాడు. మన దేశానికి వచ్చే ఉత్తరాల ముసాయిదాలు రాసిన చేయి అది. స్వేచ్ఛ గురించి రాసిన ఆ పుస్తకంలోనే, ఇతరులకు హాని చేయనంత వరకు మనిషి స్వేచ్ఛకు అడ్డుపడరాదన్న తన సూత్రం పిల్లలకు, ఇంకా 'ఎదగని' సమాజాలకు వర్తించదని, అటువంటి వారిని బాగుచేయడం కోసమైతే నిరంకుశ పాలన కూడా న్యాయమేనని అన్నాడు. ఆ లెక్కలో మనం పిల్లల వరుసలో నిలబడ్డాం. మన నేల మీద అడుగు పెట్టకుండా మన ఎదుగుదల కొలిచినవాడి దగ్గర మన బడికి సూత్రం వెతకడం నాకు కష్టంగా ఉంది.

కందిలి (భువనగిరి)

ఎర్రమట్టి గారి మాటను నేను కాదనను. అది ఆయన ఆలోచనలో పెద్ద లోపం, దానిని ఏ వివరణా మాపలేదు. కాని అదే ఉద్యోగంలో ఆయన చేసిన ఒక పని కూడా ఇక్కడ నమోదు కావాలి. 1835లో మెకాలే మాట మీద ఇంగ్లీషు చదువుకే ప్రభుత్వ సొమ్ము ఇవ్వాలన్న నిర్ణయం జరిగినప్పుడు, మిల్ దానికి ఎదురుగా ఒక లేఖ తయారుచేశాడు. ఈ దేశపు పండితులను, భాషలను పక్కన పెట్టి జనానికి చదువు చేరదన్నది అందులోని వాదన. పైవారు దానిని పంపనివ్వలేదు. మన భాషకు అనుకూలంగా వాదించినవాడు, మనకు పరిపాలించుకునే యోగ్యత ఇంకా రాలేదన్నవాడు ఒక్కడే. ఆయన పద్ధతి ప్రకారమే అయితే ఈ రెండింటినీ పిల్లలకు పక్కపక్కన పెట్టి చూపాలి.

పాలమూరు బాట (మక్తల్)

ఇప్పుడు నాకు అసలు భయం ఒకటి ఉంది, అది అడుగుతాను. "ఫలానా అభిప్రాయం ఫలానా వారు ఫలానా కారణంతో నమ్ముతారు" అని రాయించడం సెప్టెంబరు 17కు బాగానే ఉంటుంది. అంటరానితనానికీ ఇదే పద్ధతా? అది సరైనదని ఒకప్పుడు ఎవరు, ఏ కారణంతో అన్నారో మా వాడ పిల్లలు పరీక్షలో రాయాలా? 17వ అధికరణం దానిని రద్దు చేసింది. అక్కడ రెండు పక్షాలు లేవు. ఉన్నట్టు చూపితే, వెనక బెంచీలో కూర్చున్న పిల్లవాడి ముఖం చూసి ఆ పాఠం ఏ టీచరు చెప్పగలడు?

మూసీగట్టు (నకిరేకల్)

మీ ప్రశ్నకు రెండు రోజులు ఆగి జవాబు రాస్తున్నాను. తప్పు పట్టకండి.

మొదటిది, మరొకరికి హాని చేసే పని అభిప్రాయం కింద రక్షణ పొందదు. బావి దగ్గరకు రానివ్వకపోవడం ఒక పని, దానికి శిక్ష ఉండాలి. అందులో మిల్‌కూ మనకూ తేడా లేదు. రెండవది, ఆ పనికి ఒకప్పుడు చెప్పిన కారణాలు పిల్లలకు తెలియాలా వద్దా అన్నది. తెలియాలనే నేను అనుకుంటాను. కాని పిల్లవాడిని ఆ కారణాలకు వకీలుగా నిలబెట్టే ప్రశ్న వేయను. ఆ కారణాలు ఏమిటి, వాటిని ఎవరు ఏ జవాబుతో కూల్చారు అని అడుగుతాను. మిల్ పుస్తకం రెండవ అధ్యాయంలో నాకు అన్నింటికంటె విలువైనది ఇదే: ఎదురు వాదం ఎన్నడూ వినని సత్యం, అది సత్యమే అయినా, నోటికి వచ్చే వాక్యంగా మిగులుతుంది గాని మనిషి నడతలోకి దిగదు.

కందిలి (భువనగిరి)

దీనికి సాక్ష్యం నేను చెబుతాను. "అంటరానితనం నేరం" అని పాఠ్యపుస్తకం అట్ట మీద చూస్తూ పెరిగిన పిల్లలే, మా పక్క ఊరి హోటలులో పెద్దవాళ్ళయినంక రెండు గ్లాసుల పద్ధతి నడుస్తుంటే చూస్తూ చాయ్ తాగారు. ఒక రకం గ్లాసులు లోపల బల్ల మీద, ఇంకొకటి బయట గోడ గూటిలో బోర్లించి ఉండేవి. బయట తాగినవాడు తానే కడిగి అక్కడే పెట్టాలి. వాళ్ళలో ఒకడిని నేనే అడిగాను. వాడికి ఆ వాక్యం అక్షరం పొల్లు పోకుండా వచ్చు. ఎందుకు నేరం అంటే చెప్పలేకపోయాడు, ఆ ప్రశ్న తనను ఎవ్వరూ ఎన్నడూ అడగలేదని అన్నాడు.

పాలమూరు బాట (మక్తల్)

గోడ గూటి గ్లాసు నాకు తెలుసు తాతా. మూసీగట్టు గారి ప్రశ్న రూపం, అంటే కారణాలు ఏమిటి, వాటిని ఎవరు కూల్చారు అన్నది నాకు సమ్మతమే. అయితే జవాబు చెప్పినవారి పేర్లలో మా వాడ పెద్దల పేర్లు కూడా ఉండాలి.

మూసీగట్టు (నకిరేకల్)

తప్పకుండా. జరిగిన సంగతి చెప్పి ముగిస్తాను. మొన్న యూనిట్ పరీక్షకు బదులు తొమ్మిదో తరగతికి ఒక్క ప్రశ్న ఇచ్చాను: "1948 సెప్టెంబరు 17ను ఎవరెవరు ఏ పేరుతో పిలుస్తారు? ఒక్కొక్కరు చెప్పే కారణం రాయండి." ఏ పేరు రాసినా మార్కు ఉంటుందని, కారణం లేకుండా పేరు మాత్రమే రాస్తే మార్కు ఉండదని ముందే చెప్పాను. వారం రోజులు ఇంట్లో అడిగి రమ్మన్నాను.

నిజాం పక్షాన ఆయుధాలు పట్టిన రజాకార్లు వచ్చినప్పుడు వడ్లను పాతరలో దాచి, పైన గడ్డివాము వేసిన ముచ్చట రాసి, కాబట్టి మా ఇంట్లో విమోచనం అంటారని ఒకడు రాశాడు. దొరల భూములు పంచిన కమ్యూనిస్టు సంఘం వాళ్ళ మీదికే తరువాత మిలిటరీ తిరిగిందని, వాళ్ళ సాయుధ పోరాటం 1951 దాకా నడిచిందని, అందుకే మా తాత దానిని విద్రోహం అనేవాడని ఇంకొకడు రాశాడు. ఒక ముస్లిం పిల్లవాడు సగం పేజీయే రాశాడు. వాళ్ళ ముత్తాత కుటుంబాన్ని ఒక గొల్లాయన మందలో గొర్రెల నడుమ రెండు రాత్రులు దాచాడట. వాళ్ళింట్లో ఆ రోజుకు పేరు లేదట. ఆ సెప్టెంబరు తరువాతి హింసను చూసి రమ్మని అప్పటి ప్రభుత్వమే పండిత్ సుందర్‌లాల్ బృందాన్ని పంపిందన్న సంగతి నేను తరగతిలో అప్పుడే చెప్పాను. మొదట నన్ను అడిగిన అమ్మాయి మూడు పేర్లూ కారణాలతో రాసి, కింద ఇంకో వాక్యం చేర్చింది: "మా నాయనమ్మ వీటిల ఏదీ అనదు, పోలీస్ యాక్షన్ అయిన ఏడు అంటది, అగో అప్పుడే వాళ్ళమ్మ పెండ్లి అయింది అంటది."

మార్కులు వేసి పంచిన తరువాత ఆ అమ్మాయే, "మరి మీరేమంటరు సార్?" అని అడిగింది. నా మాట చెప్పబోయి ఆగిపోయాను. ఎదుటి పక్షం వాదాన్ని తన గురువు నోట వింటే సరిపోదని, దానిని నిజంగా నమ్మి, మనసారా వాదించేవారి నోటనే వినాలని మిల్ అంటాడు. ఇంత చదివి, నేను అన్ని పక్షాలనూ నా ఒక్క గొంతుతోనే చెప్పాను. అందుకని హెడ్మాస్టరు గారి అనుమతి తీసుకొని, వచ్చే శుక్రవారం చివరి రెండు పీరియడ్లు ఖాళీ ఉంచాను. విమోచనం అనే ఆయన ఒకరు, విద్రోహం అనే పాత కార్యకర్త ఒకరు ఒప్పుకున్నారు. ఆ గొల్లాయన మనవడి కోసం పిల్లలే వెతుకుతున్నారు. కందిలి తాతా, మీ నాయన గారి చదువు గురించి చెప్పడానికి మీరు రాగలరా?

కందిలి (భువనగిరి)

వస్తాను. మా నాయన ఉర్దూలో లెక్కలు చేసుకున్న ఎర్ర బట్ట వహీ (లెక్కల పుస్తకం) ఒకటి ఇంట్లో ఉంది, అది తెస్తాను. నల్లగొండ బస్సు ఎక్కితే పన్నెండు గంటలకు మీ దగ్గర ఉంటాను. మక్తల్ తమ్ముడు కూడా ఆ అడ్వాన్సు కాగితం ఇంకా ఉంటే పట్టుకొని రావాలి.

పాలమూరు బాట (మక్తల్)

ఉంది తాతా. మడతల దగ్గర చినిగింది, వేలిముద్ర మాత్రం అట్లనే ఉంది. తెస్తాను.